హ్యాపీకి సొంత వాక్యం

మహబూబ్‌నగర్
20 ఆగస్టు 2017

పూజ్యులైన రఘుపతి సార్‌కు,

గ్లోరీ వందనాలు. నల్గొండ బడిలో మీ దగ్గర పదో తరగతి దాకా ఇంగ్లీషు చదువుకున్న. చివరి బెంచీల కూర్చుంటే చెయ్యి పట్టి లేపి మొదటి బెంచీకి తెచ్చింది మీరే. మా బాపు మున్సిపాలిటీల చేసేటోడు. ఇంత చెప్తే గుర్తుకొస్తనేమో. మీకు ఫోన్ వినపడతలేదని అప్పుడు నాతోటి చదివిన అనూహ్య చెప్పింది. అందుకే ఉత్తరం.

ఇప్పుడు నేను కూడా ఇంగ్లీషు టీచర్‌నే. కోస్గి దిక్కు ఒక ఊరి హైస్కూల్‌కు మహబూబ్‌నగర్ నుంచి రోజూ బస్సుల పోయి వస్త. ఈ మధ్య తొమ్మిదో తరగతికి చిన్న పరీక్ష పెట్టిన. అందులో ఒక ప్రశ్న, 'హ్యాపీ' అనే మాటతో సొంత వాక్యం రాయమని. సొంత వాక్యమంటే మా దగ్గర గైడుల ఉన్న వాక్యమని మీకు తెలిసిందే. తరగతి తరగతంతా 'రామా ఈజ్ హ్యాపీ టుడే' అని రాసింది. కరీమా, మేరీ, ఎల్లమ్మ, అందరి కాగితాలల్ల ఆ రాముడే సంతోషపడుతుండు.

ఒక్క నాగరాణి మాత్రం ఇట్ల రాసింది: 'మై మదర్ ఈజ్ హ్యాపీ వెన్ మై ఫాదర్ గోస్ టు బాంబే.' నాన్న బొంబై పోతే మా అమ్మ సంతోషంగ ఉంటది. ఇక్కడ సగం ఊరు దీపావళి దాటంగనే కూలికి బొంబై పోతది సార్, మళ్ల వానలకే రాక. నేను పూర్తి మార్కులు వేసి పక్కన మెచ్చుకోలుగ స్టారు చుక్క గీసిన.

మా హెడ్మాస్టర్ తప్పంటుండు. మొగుడు వలస పోతే ఆడమనిషి ఏడుస్తది, కాబట్టి అక్కడ 'శాడ్' అని ఉండాలె, 'హ్యాపీ' తప్పు వాడకం అని. ఆయన పేరు చెప్తే మీకు కోపమొస్తది. మన నల్గొండ బడిలో పనిచేసిన శివకుమార్ సారే. ప్రమోషన్ మీద ఇక్కడికొచ్చిండు.

వాక్యం కరెక్టా, కాదా? మీరొక్క మాట చెప్తే నాకు చాలు.

మీ విద్యార్థిని
గ్లోరీ

నల్గొండ
27 ఆగస్టు 2017

చిరంజీవి గ్లోరీకి,

ఆశీస్సులు. నిన్ను మరిచిపోలేదు. జ్ఞాపకం పెట్టుకోవడం తప్ప నాకిప్పుడు వేరే ఉద్యోగం లేదు. నా భార్య సుచరిత పోయినంక ఈ ఇంట్ల నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. చెవులు కూడా ఆ సంగతి తెలుసుకొని పని మానేసినయి.

వాక్యం కరెక్టు. నూటికి నూరు పాళ్లు కరెక్టు.

ఇంగ్లీషులో హ్యాపీ కన్న సులువైన మాట లేదు, దానికన్న అన్యాయమైపోయిన మాట కూడా లేదు. పెండ్లి కార్డుల మీద, బేకరీ కేకుల మీద, ఆటోల ఎనకాల రాసి రాసి దాని పానం తీసిన్రు. విశేషణం అంటే వాక్యానికి పెట్టే బొట్టు గాదు. 'రామా ఈజ్ హ్యాపీ' అన్నప్పుడు మనకేం తెలిసింది? రాముడెవడు, ఎందుకు సంతోషం? ఆ మాట తీసి 'టాల్' పెట్టు, 'ఫ్యాట్' పెట్టు, వాక్యానికి చీమ కుట్టినట్టన్న ఉండదు. నీ పిల్ల వాక్యంల నుంచి ఆ మాట తీసి చూడు. ఇల్లు కూలుతది. సరైన వాడకానికి ఇంతకన్న వేరే పరీక్ష లేదు. ఎవరు సంతోషంగ ఉన్నరో చెప్పాల్సింది ఆ ఇంటి మనిషి, హెడ్మాస్టర్ గాదు.

శివకుమార్ గురించి నువ్వు మొహమాటపడి రాసినవు. నాకు మొహమాటం లేదు. ఆ రాముడు పుట్టింది అతని గైడులనే. నేను తరగతిల సొంత వాక్యాలు రాయించుకుంట పోతుంటే, పక్క తరగతిల కూర్చోని ఆ గైడు తయారుచేసిండు. అతనికి శాలువా కప్పిన్రు. నా రిటైర్మెంటు నాడు సన్మానపత్రం రాసి చదివింది కూడా అతనే. ఫ్రేము కట్టి ఇచ్చిండు. అందుల నేను సౌమ్యుణ్ణట, మృదుభాషినట, అజాతశత్రువునట. మృదుభాషి అన్నకాడ హాలంత గొల్లుమన్నది. నేనొక్కణ్ణే నవ్వలేదు. ఒక మనిషి మీద అన్ని విశేషణాలు వేసి ఒక్కటి కూడా తగలకుండ చూసుకోవడం మామూలు విద్య గాదు.

గట్టిగ నిలబడు. ఆ చుక్క చెరపకు. ఏం జరిగిందో వెంటనే రాయి. ఎదురుచూస్తుంట.

రఘుపతి

మహబూబ్‌నగర్
12 సెప్టెంబర్ 2017

పూజ్యులైన సార్‌కు,

వందనాలు. మీ ఉత్తరం చదువుకొని బస్సుల ఒక్కదాన్నే నవ్విన. ఇప్పుడు నవ్వుల పని లేకుండ పోయింది.

పరీక్ష కాగితాలు ఇంటికి పంపి తండ్రి సంతకం తెప్పించుడు మా బడిలో రివాజు. నాగరాణి తండ్రి గుర్వయ్యకు ఇంగ్లీషు రాదు. బిడ్డ కాగితం మీద చుక్క చూసి మురిసిపోయి జేబుల పెట్టుకొని చాయ్ హోటల్‌కు పోయిండట. "మా పిల్ల ఏం రాసిందో సదువుండ్రి" అని అందరికి చూపెట్టిండట. ఎవరో చదివి తెలుగుల చెప్పిన్రు.

తెల్లారి బడికొచ్చిండు.

"ఇంగ్లీషు చెప్పేది నువ్వేనా మేడం?"

"నేనే అన్నా."

"నా పెండ్లాం సంతోషంగున్నదని నీకెవరు చెప్పిన్రు?"

"నేను రాయలేదన్నా, పిల్ల రాసింది."

"పిల్ల రాస్తే నువ్వు చుక్క పెడితివి గద! నేనాడ సిమెంటు మోస్తుంటే వీళ్లు ఈడ పండుగ చేసుకుంటుండ్రన్నట్టు. హోటల్ కాడ ఏమంటుండ్రో ఎర్కేనా? 'గుర్వన్నా, ఈపాలి బొంబై టికెట్ మేం కొనిస్తం, మా వదినె సంతోషంగుండాలె' అని అంటుండ్రు."

అతను అరవలేదు సార్. అరిస్తే బాగుండు.

శివకుమార్ సార్ అతన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చిండు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "గ్లోరీ మేడం, పిల్లకు ఇంగ్లీషు రాక శాడ్‌కు బదులు హ్యాపీ రాసింది. ఎర్ర పెన్నుతోటి కొట్టేసి శాడ్ అని రాయుండ్రి. సంగతి ఒడిసిపోతది. లేదంటే నేను మెమో ఇయ్యాల్సొస్తది, ఎంఈఓ దాకా పోతది" అన్నడు. ఆయన చెప్పిన దాంట్లో ఏదో దారి ఉందనిపించింది. ఇట్ల అనిపించినందుకు మీరు తిడతరని తెలుసు.

నాగరాణి తల్లి గోవిందమ్మ మా బడిలోనే మధ్యాహ్నం వంట చేస్తది. ఈ వారం రాలేదు. అడిగితే జరమన్నరు. నాగరాణి వస్తుంది గని తల ఎత్తుతలేదు.

ఏం చెయ్యాలె సార్? జర ఆలోచించి చెప్పుండ్రి. ఈ సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండనియ్యుండ్రి.

గ్లోరీ

నల్గొండ
16 సెప్టెంబర్ 2017

చిరంజీవి గ్లోరీకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివిన. ఎర్ర పెన్ను ముట్టినవంటే నా శిష్యురాలివి గాదు.

శివకుమార్ చూపెట్టేది దారి అనుకుంటున్నవు. అది అతనికి అలవాటైన గల్లీ. ఒక మనిషి చెప్పిన నిజాన్ని ఇంగ్లీషు రాక చెప్పిందని కొట్టిపారేసుడు! ఆ పిల్లకు ఇంగ్లీషు రాకపోవడమేంది? ఆ బడిలో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. రేపు నువ్వు శాడ్ అని రాస్తే ఆమె ఏం నేర్చుకుంటది? తెలుగుల అబద్ధం చెప్పాలె, ఇంగ్లీషుల కూడ అబద్ధమే చెప్పాలె అని. అందుకేనా చదువు?

నీకు ధైర్యం చాలదని తెలిసి నేనే పూనుకున్న. నిన్న సాయంత్రమే కూర్చోని మీ మండల విద్యాధికారికి, ఆ ఎంఈఓకే, రెండు పేజీల అభిప్రాయం రాసిన. ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పినోన్ని, ఈ వాక్యంల హ్యాపీ అనే మాట ఎందుకు సరైందో వివరంగ రాసిన. గైడుల చదువు పిల్లలను ఎట్ల మూగోళ్లను చేస్తున్నదో, ఆ గైడులు తయారుచేసిన పెద్దమనుషులు ఏ కుర్చీలల్ల కూర్చున్నరో కూడ రాసిన. ఊరంత తెలిసీ దాస్తున్న సంగతిని, మొగుడు ఊళ్లె లేకపోతే ఒక ఇల్లాలు ఊపిరి పీల్చుకునే సంగతిని, ఈ అమ్మాయి ఒక్క వాక్యంల పెట్టిందని రాసిన. ఒక నకలు హెడ్మాస్టర్‌కు పంపిన. రిజిస్టర్ పోస్టు.

నీ పేరు ఎక్కడ రాయలేదు, భయపడకు. పిల్ల పేరు రాసిన. వాక్యం ఆమెది. ఆ గౌరవం ఆమెకే దక్కాలె.

చానా ఏండ్లకు చేతికి పని దొరికింది. రాత్రి మంచి నిద్ర పట్టింది.

రఘుపతి

మహబూబ్‌నగర్
8 అక్టోబర్ 2017

రఘుపతి సార్‌కు,

మీ ఉత్తరం నాకు చేరకముందే గోవిందమ్మ నా దగ్గరకొచ్చింది. వంట గది ఎనక నిలబడి మాట్లాడింది. చేతికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందంటే గంజి పడిందన్నది.

"మేడం, అది తప్పని రాయుండ్రి."

"తప్పు కాదమ్మా."

"తప్పు కాదని నాకెర్కలేదా? నాకెర్క, నా బిడ్డకెర్క, మీకెర్క. ఆయనకెర్క గాకుంటే సాలు. దీపావళి అయినంక పోతడు. గప్పటిదాంక తప్పని ఉండనియ్యుండ్రి."

నేను కొట్టేసిన సార్. ఎర్ర పెన్నుతోటి హ్యాపీని కొట్టేసి పైన శాడ్ అని రాసిన. మార్కు తీసేసిన. నాగరాణి నా పక్కనే నిలబడి చూసింది. అలవాటు మీద "థాంక్యూ మేడం" అన్నది. గుర్వయ్య కాగితం తీసుకొని తేరిపార చూసి, "గిప్పుడు సరిగుంది. దీనికి ఇంకా మంచిగ చెప్పుండ్రి మేడం, ఇంగ్లీషు వస్తలేదు" అన్నడు. శివకుమార్ సార్ గదిల చాయ్ కూడ తాగిండు. వాక్యం తప్పని తేలినంక అతని మొహం తేటపడ్డది. వాళ్ల ఇంట్ల అన్నం వండుకున్నరు, తిన్నరు. గోవిందమ్మ మళ్ల పనికొచ్చింది.

అప్పుడు మీ రెండు పేజీలు చేరినయి.

దసరా సెలవులకు ముందు తల్లిదండ్రుల సమావేశం ఉంటది. ఎంఈఓ కూడ వచ్చిండు. మంచి మనిషి. మీ రాతకు అబ్బురపడ్డడు. లేచి నిలబడి, "నల్గొండ నుంచి ఒక పెద్దాయన రాసిన్రు. మన నాగరాణి రాసింది తప్పు గాదు, మనమంత నేర్చుకోవాలె" అని మీ ఇంగ్లీషును తెలుగు చేసి అందరి ముందర చదివిండు. ఇల్లాలు ఊపిరి పీల్చుకునే మాట కూడ చదివిండు. మైకుల.

గుర్వయ్య మూడో వరుసల ఉండె. "గట్లనా" అన్నడు. అంతే.

నాకు మెమో రాదు. శివకుమార్ సార్ మొహం నల్లబడ్డది. మీరు చూసుంటే సంతోషపడేటోళ్లు.

తెల్లారి గుర్వయ్య టీసీ కోసం వచ్చిండు. "ఈపాలి ఇద్దర్ని ఎంబడి తీస్కపోత. నేనున్న కాడ సంతోషంగుంటదో లేదో నేను గూడ సూస్త" అన్నడు. తొమ్మిదో తరగతి సగంల ఉంది, పిల్లను ఆపొద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. సెలవులు అయినంక ఇస్తనని శివకుమార్ సారే ఏదో చెప్పి ఆపిండు.

ఆయన ఆపిండు సార్. మీరు కాదు, నేను కాదు.

గ్లోరీ

నల్గొండ
14 అక్టోబర్ 2017

గ్లోరీకి,

నీ ఉత్తరం అందింది.

నేను రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. ఒక మొరటు మనిషి చేసే పనికి ఒక వాక్యాన్ని బాధ్యుణ్ణి చెయ్యడం న్యాయం గాదు, ఆ వాక్యాన్ని సమర్థించినోణ్ణి చెయ్యడం అసలే గాదు. కోపంల నువ్వు ఈ తేడా మరిచిపోయినవు. మైకుల చదవమని ఎంఈఓకు నేను చెప్పిన్నా? తెలివి తక్కువ మంచితనం ఎంత పని చేస్తదో ఇప్పటికన్న చూసినవు గద.

శివకుమార్ టీసీ ఆపిండంటే తన బడిలో పిల్లల సంఖ్య తగ్గొద్దని ఆపిండు. దాన్ని దయ అనుకోకు.

పిల్ల పేరు రాయకుండ ఉంటే సరిపోయేది. ఆ ఒక్కటి ఒప్పుకుంటున్న.

ఇప్పుడేమైంది? ఆ పిల్ల ఎక్కడున్నది? నేను కలెక్టర్‌కు రాయనా? నువ్వు ఊ అంటే ఈ రోజే రాస్త.

రఘుపతి

నల్గొండ
3 డిసెంబర్ 2017

అమ్మా గ్లోరీ,

జవాబు రాలేదు. ఉత్తరం దారిల పోయిందేమో అనుకున్న. ఇక్కడి పోస్టుమాను పేరు శ్రీశైలం. ఉత్తరం పోవడానికి వీల్లేదంటడు. అంటడనే అనుకుంటున్న, పెదాలు చూసి. నాకు వినపడదని తెలిసీ గేటు కాడ నిలబడి మాట్లాడతడు. ఈ నెల రోజులల్ల నాతోటి మాట్లాడింది అతనొక్కడే. ఏం మాట్లాడుతడో తెల్వదు. తల ఊపుత.

కలెక్టర్‌కు రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టి చింపేసిన. మొదటి పేరాలనే శివకుమార్ వచ్చి కూర్చుంటుండు. ఎట్ల రాసినా అతని మీదికే పోతున్నది. అప్పుడు తట్టింది, ఎంఈఓకు ఆ రెండు పేజీలు రాసిన నాడు కూడ నా కండ్ల ముందర ఉన్నది అతనే. గైడు పట్టుకొని, శాలువా కప్పుకొని. ఆ పిల్ల మొహం ఎట్లుంటదో నాకు తెల్వదు. ఆమె నల్లగుంటదా, పొట్టిగుంటదా, ఏ బెంచీల కూర్చుంటది, ఏదీ నేను నిన్ను అడగలేదు. వాక్యం అడిగిన. అంతే.

నువ్వు రహస్యంగ ఉంచమన్నవు. ఆ మాట నేను మరిచిపోయి కాదు పంపింది.

చలి ఎక్కువైంది. గడియారం సెంటర్ దాకా నడక మానేసిన. తెలిసినోళ్లు ఎదురైతే చెయ్యి ఊపి తప్పుకుంటున్నరు. వాళ్లను అనేదేం లేదు. చెవిటోనితో మాట్లాడుడు కష్టం, అందుల నాతోటి.

తిట్టాలనుకుంటే తిట్టు. రాసి తిట్టు.

రఘుపతి

మహబూబ్‌నగర్
20 జనవరి 2018

రఘుపతి సార్‌కు,

పిల్ల సంగతి మీకు తెలియాల్సిందే కాబట్టి రాస్తున్న.

దీపావళి తర్వాత గుర్వయ్య ప్రయాణం కట్టిండు. మూటలు బయటపెట్టిన్రు. ఆ పొద్దు గోవిందమ్మ వాకిట్లకొచ్చి, ఎదురింటోళ్లు, పక్కింటోళ్లు వినేటట్టు చెప్పింది.

"ఆ మాట పిల్లది గాదు. నాది. నేనే సెప్పి రాయించిన. నీకు కోపముంటే నా మీద దీసుకో. నన్ను తీస్కపో, యాడికంటే ఆడికొస్త, నోరు తెర్వ. పిల్లను హాస్టల్ల ఏయి."

గోవిందమ్మకు తన పేరు తెలుగులనే రాయరాదు. ఇంగ్లీషుల రాయించిందంటే ఎవరు నమ్ముతరు? గుర్వయ్య నమ్మిండు. నమ్మాల్సిన అవసరం అతనికి కూడ ఉండెనేమో. బిడ్డ అట్ల అనుకుంటదంటే తట్టుకోలేకపోయిండు, పెండ్లాం అనుకుంటే కొట్టొచ్చు.

శివకుమార్ సార్ తిరిగి తిరిగి ఒక కస్తూర్బా హాస్టల్‌ల సీటు ఇప్పించిండు. బస్సు ఎక్కేటప్పుడు గోవిందమ్మ నాతోటి ఒక్క మాటే అన్నది. "ఇగ మీరు దానికి ఇంగ్లీషు మస్తుగ చెప్పియ్యుండ్రి గని, మా ఇంటి సంగతులు రాయమనకుండ్రి." ఇప్పుడామె బొంబైల ఏ బిల్డింగు కింద ఉందో తెల్వదు. ఫోను చేస్తే గుర్వయ్యనే ఎత్తుతడు, ఆమె ఎత్తదు.

నాగరాణి చదువుతుంది. పోయిన వారం పోయి చూసొచ్చిన. అక్కడి ఇంగ్లీషు టీచర్ చానా మెచ్చుకున్నది. "మీరు పంపిన పిల్ల మంచిది మేడం, సొంత వాక్యం రాయమంటే గైడుల ఉన్నది ఉన్నట్టే రాస్తది, ఒక్క తప్పు ఉండదు" అన్నది.

అది ఏ ఊరి హాస్టలో మీకు రాయను. అడగకుండ్రి.

మీరు నన్ను మొదటి బెంచీకి తెచ్చినోళ్లు. అది మరిచిపోను. కాని మళ్ల ఏ వాక్యం కరెక్టో మిమ్ముల అడగను.

గ్లోరీ

నల్గొండ
1 ఫిబ్రవరి 2018

అమ్మా గ్లోరీ,

ఏ ఊరని అడగను.

దీంతోపాటు ఒక పార్సిల్ పంపుతున్న. అందుల నా పెద్ద నిఘంటువు ఉంది. నేను కాలేజీల ఉన్నప్పటిది. అట్ట మార్పించిన, లోపల బాగనే ఉంది. ఇన్నేండ్లు దానికి ఇంట్ల ఒక మనిషికిచ్చినంత జాగ ఇచ్చిన. ఇప్పుడు అక్షరాలు అలుక్కుపోయి కనబడతున్నయి, నాకు దాంతోటి పని లేదు.

మొదటి పేజీ చింపేసిన. దాని మీద నా పేరు, వ్యాసపోటీల గెలిచినందుకు కాలేజీ వేసిన ముద్ర ఉండె. నా పేరుంటే ఆ పిల్ల చేతిల పెట్టడానికి నీకు మనసు రాదు. వస్తే కూడ పెట్టొద్దు. పాత పుస్తకాల దుకాణంల దొరికిందని చెప్పు.

ఆ పుస్తకంల ప్రతి మాట కింద ఉదాహరణ వాక్యాలు ఉన్నయి. అన్నీ వేరేటోళ్లవి, ఎవరివో తెల్వదు, ఎవరింటి సంగతి గాదు. నేను ఇన్నేండ్లు వాటిని చూసి నవ్విన. ఆ పిల్లకు కొన్నాళ్లు అవే కావాలె. వాటి ఎనక కూర్చోనియ్యి. ఎప్పుడు లేవాలెనో ఆమెకే తెలుస్తది. నువ్వు గని, నేను గని చెప్పొద్దు.

శివకుమార్‌కు ఒక కార్డు రాసిన. సీటు ఇప్పించినందుకు మంచి పని చేసినవని రాసిన. ఒక్క విశేషణం కూడ పెట్టలేదు, పెడితే ఎక్కిరిస్తున్న అనుకుంటడు. కార్డు పోస్టు డబ్బాల వేసేటప్పుడు కోపమే వచ్చింది, అయినా వేసిన.

పార్సిల్ ముట్టినట్టు ఒక్క ముక్క రాస్తే చాలు.

రఘుపతి

మహబూబ్‌నగర్
12 ఫిబ్రవరి 2018

సార్‌కు,

పుస్తకం ముట్టింది. నిన్న ఆదివారం పోయి నాగరాణికి ఇచ్చిన. రెండు చేతులతోటి తీసుకున్నది. బరువుందని ఒళ్లె పెట్టుకున్నది. తెరిచి, చింపిన పేజీ కాడ వేలు పెట్టి కొద్దిసేపు చూసింది.

ఎవరిచ్చిన్రని అడగలేదు.

గ్లోరీ